క్యాబిన్‌కు తగలని క్యారియర్

జహీరాబాద్ బస్టాండు ముందు మా ఆయన పికప్ కిటికీలోంచి పాక్కుంటూ బయటికి రావడం చూసినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఎదురుపడితే చాలు, అదే గుర్తుచేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు చూసింది సగమే. ఆ తర్వాత నాలుగు రోజుల్లో ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. అది చెప్పాల్సింది నేను. గొప్పగానే చెప్పుకుంటాను, నాకేం మొహమాటం లేదు.

నా పేరు గిరిజమ్మ. ఇది 1983 చలికాలం, మేం జహీరాబాద్‌లో ఉన్నప్పటి మాట. అంతకు ఆరు నెలల ముందు మా ఆయన మాణిక్ సర్కారు వేలంలో ఒక పాత పికప్ జీపు కొన్నాడు. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే డబ్బా. పన్నెండేళ్లు లారీల మీద క్లీనరుగా, డ్రైవరుగా చేసినవాడు సొంత బండికి యజమాని అయ్యేసరికి కాళ్లు నేల మీద నిలవలేదు. పొద్దున లేస్తే దాన్ని తుడవడమే పని. పెళ్లయి తొమ్మిదేళ్లయినా నా మొహం వంక అంతసేపు చూసి ఎరగడు.

తుడిస్తే అన్నం రాదు కదా. బండికి పని కావాలి. కోహీర్‌లో జామతోటలు కౌలుకు పట్టిన జగన్‌మోహన్ అనే ఆయన హైదరాబాద్ మార్కెట్‌కు రోజూ పండ్లు పంపేవాడు. లారీలో బుట్ట మీద బుట్ట పేర్చడం వల్ల అడుగు బుట్టల్లో పండు నలిగిపోయి సగం ధర కూడా రావడం లేదని విసిగిపోయి ఉన్నాడు. మా ఆయన వెళ్లి అడిగితే ఖరాఖండిగా చెప్పాడు.

"బుట్ట మీద బుట్ట పెట్టద్దు. ఒక్క ట్రిప్పుకు ముప్పై బుట్టలు పోవాలె. సోమవారం పొద్దుగాల ఒక్కసారి తీస్కపో, చూస్త. పండు నలగకుంటె సీజనంత నీదే. నలిగిందా, మళ్ల నా తోట దిక్కు రాకు."

మా డబ్బాలో బుట్టలు పక్కపక్కన పెడితే పద్నాలుగు పడతాయి. మిగతా పదహారు ఎక్కడ పెట్టాలి? నెత్తి మీదే. అంటే బండికి క్యారియర్ కావాలి.

మా ఆయన బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి చూసి వచ్చాడు. అక్కడి దుకాణంలో కొత్తది, గుండ్రటి పైపులతో వెండి రంగు వేసింది, నాలుగు వందల యాభై అన్నారట. చూసి వచ్చిన రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే చెప్పాడు. మేం క్యారియర్ కోసమని పక్కన పెట్టింది రెండు వందలు. కాబట్టి ఆ ముచ్చట అన్నంతోనే అయిపోయింది.

మర్నాడు బొంబాయి రోడ్డు మీద పాత ఇనుము అమ్మే గుజిరి దుకాణంలో ఒక పాత బస్సు క్యారియర్ కనిపించింది. కోత, అతుకు కూలి అన్నీ కలిపి నూట అరవైకి ఇచ్చారు. దాన్ని మా బండి కొలతకు కోయించి, నాలుగు ఇనుప కాళ్లు అతికించి, ముందు కాళ్లు రెండూ క్యాబిన్ కప్పుకు, వెనక కాళ్లు రెండూ డబ్బాకు బోల్టులు వేసి బిగించారు. మా ఆయన దానికి నీలం రంగు వేసి, ఇంటి ముందు నిలబెట్టి, నన్ను పిలిచి చూపించాడు.

"ఏనుగు నిలబడ్డా వంగదు" అన్నాడు.

"పెట్టేది జాంపండ్లు గదా" అన్నాను.

మొహం ముడుచుకున్నాడు. బరువు పెట్టి చూద్దామని గురువారం నాడు తెలిసినవాళ్ల అల్లం మూటలు పైన నాలుగు, డబ్బాలో పది వేసుకుని గంజ్ మార్కెట్‌కు బయల్దేరాడు. నేనూ పక్కన కూర్చున్నాను. బస్టాండు ముందు గుంతల్లో బండి అటూ ఇటూ ఊగింది. నెత్తి మీద ఏదో మూలిగినట్టు చప్పుడైంది. బండి ఆపి దిగబోతే డోరు రాలేదు. నా వైపుది కూడా రాలేదు. వెనక డబ్బా బరువుకు కుంగి, క్యారియర్‌ను కిందికి లాగింది. ఆ క్యారియర్ క్యాబిన్ కప్పును వెనక్కి గుంజింది. కప్పు వంకర పోయేసరికి డోర్లు రెండూ చట్రంలో బిగుసుకుపోయాయి.

పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లు ముందు సాయం చేయడానికే వచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు. మా ఆయన కిటికీలోంచి ముందు తల, తర్వాత భుజాలు, తర్వాత పొట్ట బయటికి తెచ్చుకుని రోడ్డు మీదికి జారాడు. నేను మాత్రం దిగలేదు. మూటలు దించి డోరు వచ్చేదాకా లోపలే కూర్చుంటానని చెప్పాను. అంతమంది మగవాళ్ల ముందు కిటికీలోంచి పాకడానికి నాకేం పట్టింది?

సరిగ్గా అప్పుడే న్యాల్‌కల్ బస్సు వచ్చి ఆగింది. అందులోంచి మా నాయన దిగాడు.

మా నాయన మహాదేవప్ప ఎడ్లబండ్లు చేసే వడ్లాయన. మేం అటు కన్నడం వైపు నుంచి వచ్చి న్యాల్‌కల్‌లో స్థిరపడినవాళ్లం. ఒకప్పుడు మా వాకిట్లో ఎప్పుడూ రెండు బండ్లు సగం చేసి ఉండేవి. పెళ్లి కుదిరితే పిల్లకు నగల కంటే ముందు మా నాయనకు బండి చెప్పుకునే ఇళ్లుండేవి. ట్రాక్టర్లు వచ్చాయి. ఆ తర్వాత టైరు బండ్లు వచ్చాయి. రెండేళ్లయింది, మా నాయనను ఒక్క బండి చేసిపెట్టమని అడిగినవాడు లేడు.

ఆ రోజు ఆయన వచ్చిన పని నాకు తెలుసు. చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి కావలి ఉద్యోగం ఉందని, మాణిక్‌కు తెలిసిన మనిషితో చెప్పించమని అడగడానికి వచ్చాడు. ఉద్యోగం దొరికితే బాడిశ, ఉలులు, రంపాలు, బర్మా అన్నీ మూటగట్టి అమ్మేస్తానని ముందు నెలలోనే అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కావలి పని తక్కువదని కాదు. మా నాయన చేతులు ఊరికే ఒక కర్ర పట్టుకుని గేటు దగ్గర కూర్చోవడం నేను తలుచుకోలేకపోయాను.

ఆయన మీద జాలిపడి పని ఇస్తే కనిపెట్టేస్తాడు. అంతకు ముందు ఒకసారి పీట చేసిపెట్టమన్నాను. చేశాడు. చేతికిస్తూ, "మీ ఇంట్ల నాలుగు పీటలున్నయి గదా బిడ్డా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకెప్పుడూ అలాంటిది అడగలేదు.

బస్టాండు ముందు అందరూ నవ్వుతుంటే మా నాయన ఒక్కడే నవ్వలేదు. సంచీ కింద పెట్టి బండి చుట్టూ తిరిగాడు. క్యాబిన్‌కూ డబ్బాకూ మధ్య ఉన్న సందులో అరచెయ్యి నిలువుగా పెట్టాడు. మా ఆయనను డబ్బా ఎక్కి గట్టిగా తొక్కమన్నాడు. సందు పైన వెడల్పయింది, మళ్లీ ఇరుకైంది.

"అల్లుడా, ఇవి రెండు ఒక్కటి గాదు" అన్నాడు. "ముందుది దాని తీరు అది ఊగుతది, ఎనుకది దాని తీరు అది ఊగుతది. రెంటినీ కలిపి బోల్టు కొట్టినవు. ఎడ్లబండికి కాడిని నొగకు మొల కొడ్తమా? తాడుతోని కడ్తం. ఎందుకు? ఒక ఎద్దు ఎత్తు ఎక్కుతది, ఒకటి పల్లం దిగుతది. మొల కొడితె ఏదో ఒకటి ఇరుగుతది."

మా ఆయన డబ్బా మీంచి దిగాడు. ఆయనదీ వడ్ల కులమే, మా నాయన ఆయనకు సొంత మేనమామ. చిన్నప్పుడు మా నాయన దగ్గరే రెండేళ్లు పని నేర్చుకుని, ఆ రంపపు పొట్టులో బతకడం తన వల్ల కాదని లారీ ఎక్కేసిన మనిషి. ఇప్పుడు నడిబజారులో మళ్లీ కాడి, నొగ పాఠం వినాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక మా నాయన చెంబెడు నీళ్లు తాగి, కావలి ఉద్యోగం మాట ఎత్తబోయాడు. నేను ఎత్తనివ్వలేదు. ఈసారి నాకు పీట అక్కర్లేదు, నిజంగానే అవసరం పడింది.

"నాయినా, సోమవారం పొద్దుగాల పదహారు బుట్టలు నెత్తి మీద పోవాలె. నలగొద్దు. మా దగ్గర ఇగ నలభై రూపాలున్నయి. అయితదా, కాదా, అది చెప్పు" అన్నాను.

ఆయన నా మొహం పరీక్షగా చూశాడు. అబద్ధం ఉందేమోనని చూశాడని నాకు తెలుసు. లేదు.

"నలభైకి బొంగులు వస్తయి" అన్నాడు. "తుమ్మకట్టె నా తాన ఉన్నది. బండికని తెచ్చి పెట్టింది, ఎండి ఎండి ఇనుము లెక్క అయింది. తోలు ఎవర్నన్న అడుగుత."

అప్పుడు లేచాడు మా ఆయన. "కట్టె క్యారియరా? మోటరు బండి మీద ఎడ్లబండి ఎక్కించినట్టు ఉంటది మామా. రోడ్డు మీద నన్ను బతకనియ్యరు."

నాకు అసలే ముక్కు మీద కోపం. "ఇనుపదాంతోని కిటికీలకెళ్లి దిగినవు. కట్టెదాంతోని డోరు తీస్కొని దిగు" అన్నాను.

ఆ తర్వాత ఆయన నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాకూ తీరిక లేదు.

శుక్రవారం వెదురు బొంగులు వచ్చాయి. మా నాయన న్యాల్‌కల్ వెళ్లి తుమ్మ గుంజలు, పనిముట్లు బస్సు మీద వేసుకుని తెచ్చాడు. నానబెట్టిన పచ్చితోలును సన్నటి వార్లుగా కోశాడు. ఇనుప క్యారియర్ విప్పి పక్కన పడేశాడు. క్యాబిన్ జోలికి మాత్రం వెళ్లలేదు. నాలుగు గుంజలూ డబ్బా నాలుగు మూలల్లో దింపాడు. వాటి మీద పొడుగు వాసాలు రెండు వేసి క్యాబిన్ పైదాకా సాగదీశాడు. ముందు గుంజల నుంచి ఏటవాలుగా ఊతకర్రలు ఎత్తాడు. వాసాలకూ క్యాబిన్ కప్పుకూ మధ్య జానెడు సందు వదిలాడు. క్యాబిన్ ఎలా ఊగినా సరే, క్యారియర్‌కు తగలదు. అడుగున చీల్చిన వెదురుతో తడక అల్లాడు. ఎక్కడా ఒక్క మొల లేదు. కలిసిన ప్రతిచోటా తడి తోలు వారుతో బిగించి కట్టాడు.

"ఎండితె తోలు గుంజుకుంటది" అన్నాడు నాతో. "రెండు రోజులు ఎండల నిలబెట్టు. అప్పుడు చెయ్యి పెట్టి కదిలియ్యి."

శనివారం సాయంత్రం మా ఆయన ఒక్కడే బండి దగ్గరికి వెళ్లి, ఎవరూ చూడట్లేదనుకుని, వాసం పట్టుకుని వేలాడాడు. నేను తలుపు సందులోంచి చూశాను. క్యారియర్ కిర్రుమనలేదు. ఆయన కిందికి దిగి కాసేపు అక్కడే నిలబడి, కట్లన్నీ ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాడు. ఒకప్పుడు నేర్చుకున్న చేతులే కదా.

సోమవారం తెల్లవారుతుండగా కోహీర్‌లో ముప్పై బుట్టలు ఎక్కించుకున్నాం. జగన్‌మోహన్ క్యారియర్ కేసి చూసి పెదవి విరిచాడు. తాను ముందుగా బస్సులో మార్కెట్‌కు పోయి అక్కడే ఉంటానన్నాడు. క్యాబిన్‌లో మా ఆయన, మధ్యలో నేను, అటు పక్క మా నాయన. ఆయనను రమ్మన్నది నేనే. పండు నలిగితే ఆయన ముందే నలగాలి, నలగకపోతే ఆయన ముందే తెలియాలి. వెనక ఎవరో వచ్చి చెబితే వినడం కాదు.

సదాశివపేట దగ్గర టీ కోసం ఆగితే లారీవాళ్లు చూశారు. ఒకడు బండి చుట్టూ తిరిగి, "ఎడ్లేవన్నా, ఇప్పిపెట్టినవా?" అని అడిగాడు. అందరూ గొల్లుమన్నారు. మా ఆయన గ్లాసులోకి తల వంచాడు. మా నాయన టీ ఊదుకుంటూ కూర్చున్నాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను ఊరుకుంటానా?

"ఒకటి మోటరు లోపట ఉన్నది" అన్నాను. "ఇంకోటి తక్కువ పడ్డది. నువ్వొస్తవా?"

ఈసారి నవ్వు అటు తిరిగింది. మా ఆయన చివరి గుక్క తాగి, "నడువు, పొద్దెక్కుతున్నది" అన్నాడు. మూడు రోజుల తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

మార్కెట్‌లో జగన్‌మోహన్ అన్న మాట ప్రకారం నిలబడి ఉన్నాడు. హమాలీలు పైబుట్టలు దించుతుంటే నేను ఒక్కొక్కటీ లెక్కపెడుతూ పక్కనే నిలబడ్డాను. మా నాయన మాత్రం బండికి కాస్త దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. జగన్‌మోహన్ బుట్ట మీది ఆకులు తీసి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి పండు తీసి నొక్కి చూశాడు. రెండో బుట్ట చూశాడు. మూడోది చూశాడు. డబ్బాలో బుట్టలు కూడా చూశాడు. పదో బుట్టకు ఆపేశాడు.

"డబ్బాల దాని కంటె పైదే మంచిగున్నది" అన్నాడు. "ఇది ఎట్లయింది?"

"కింద వెదురు ఉన్నది గదా, బండి ఎగిరితె అది జర ఒంగుతది. పండుకు దెబ్బ తెల్వదు" అన్నాడు మా ఆయన. చెబుతున్నప్పుడు ఆ గొంతులో సిగ్గు లేదు.

"రేపట్నించి రోజూ రా. సీజనంత నీదే."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. కొంగుతో తుడుచుకుంటూ మా నాయన కోసం వెతికితే, ఆయన దగ్గర ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. పేరు శివకుమార్ అని తర్వాత తెలిసింది. టమాటాలు తోలే డ్రైవరు, మాలాంటి పికప్పే ఉంది. అంతకు ముందు మా క్యారియర్ పట్టుకుని ఊపి చూసి, ఎక్కడ కొన్నావని మా ఆయనను అడిగాడట. మా ఆయన వేలు చూపించి, "కొనలే. మా మామ చేసిండు. న్యాల్‌కల్ మహాదేవప్ప అంటె బండ్లల్ల పేరున్నోడు" అన్నాడట.

"నాకొకటి చేసిస్తవా పెద్దాయనా?" అంటున్నాడు శివకుమార్. "ఎంత తీస్కుంటవు?"

మా నాయన వాడి బండి దగ్గరికి నడిచి, డబ్బా అంచు మీద జానలు వేసి కొలిచాడు. సందులో చెయ్యి పెట్టి చూశాడు. ఒంగి కింద స్ప్రింగు పట్టీలు చూశాడు. మేం కూడా వెనకే వెళ్లాం. నేను మనసులో వంద అనుకున్నాను. మరీ అయితే నూట యాభై.

"ఐదు నూర్లు" అన్నాడు మా నాయన.

మా ఆయనకు పొలమారింది. నేను మా నాయన చొక్కా వెనక నుంచి చిన్నగా లాగాను. రెండేళ్లకు ఒక్కడు వచ్చాడు, వాణ్నీ తరిమేస్తాడేమోనని నా భయం.

"దుకాణంల కొత్తది, ఇనుపది, నాలుగు వందల యాభైకి ఇస్తున్నరు" అన్నాడు శివకుమార్.

"అయితె అక్కడ్నే కొను" అన్నాడు మా నాయన. పంచె అంచు దులుపుకుని మా బండి వైపు తిరిగాడు.

నాలుగడుగులు వేశాడు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను.

"ఎప్పట్లోగ ఇస్తవు?" అన్నాడు వెనక నుంచి శివకుమార్.

"పది రోజులు. బండి న్యాల్‌కల్ తీస్కరావాలె. నేను బండి తానికి రాను, బండే నా వాకిట్లకు రావాలె."

"వస్త" అన్నాడు ఆ మనిషి.

ఖాళీ బుట్టలు కట్టుకుని తిరుగు ప్రయాణమయ్యాం. ఊరు దాటాం. నేనే ఆగలేకపోయాను.

"నాయినా, మాకు నలభై రూపాల బొంగులతోని చేసినవు. ఆయన్ని ఐదు నూర్లు అడిగినవు. పోతె ఎట్ల?"

మా నాయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "నువ్వు నా బిడ్డవు. నీకు ఆపతి ఒచ్చింది, చేసిన. దానికి ధర లేదు. వాడు పరాయోడు. రెండేండ్ల సంది నా పనికి ధర ఎంతని అడిగిన మొదటి మనిషి వాడే. తక్కువ చెప్తె నేను బతిమాలినట్టయితది."

మా ఆయన గేరు మార్చాడు. "మామా, పోయిన నెల నువ్వన్న కావలి పని గురించి ఆ ఫ్యాక్టరీ మనిషిని ఇవ్వాళ కలుస్తనన్న. ఏం చెప్పమంటవు?" అని అడిగాడు.

"పని మీద ఉన్నడని చెప్పు" అన్నాడు మా నాయన.